నల్ల అటుకులు

"ఇది ఏ పూట తినే తిండే బిడ్డా?" అని అడిగింది లసుమవ్వ.

మూకుట్లో ఓట్స్ వేయిస్తున్న శ్రీలత చేతిలో గంటె ఆగింది. అత్త అడిగినదాంట్లో ఎగతాళి లేదు, నిజంగానే తెలియక అడిగింది. పొద్దున తినేదైతే వేడిగా ఉండాలి. మాపటికి చాయతో తినేదైతే కారంగా ఉండాలి. తియ్యగా ఉంటే అది పండుగదైనా అయి ఉండాలి, చుట్టాలు వచ్చినప్పటిదైనా అయి ఉండాలి. ఇదేమో తియ్యగా ఉంటుందట, నల్లగా ఉంటుందట, చల్లటి పాలు పోసుకొని పొద్దున్నే తింటారట. ఇంత వయసొచ్చినా ఇట్లాంటి పూటాపద్ధతీ లేని తిండి ఆమె చూడలేదు.

"పొద్దుగాల తినేదే అత్తమ్మా. చాక్లెట్ గ్రానోలా అంటరు."

లసుమవ్వ మూకుట్లోకి తొంగి చూసింది. "పేరు ఏదన్న ఉండనీ. నా కండ్లకైతే అటుకులే కనవడుతున్నయ్. నల్లగైతయంటివి గద, నల్ల అటుకులు."

ఆ ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైంది.

నల్ల అటుకుల వెనుక ఉన్నది ఆకలి సంగతి కాదు, బస్సు సంగతి. శ్రీలత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కోరుట్లలో తమ సందు చివరనే ఉన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్తోంది. ఆ బడిలో మంచి ఏమిటంటే ఇంటికి దగ్గర. ఎంత దగ్గరంటే, ఇంటర్వెల్‌లో వచ్చి కుక్కర్ పెట్టిపోవచ్చు, వాన వస్తే పరుగెత్తి వచ్చి బట్టలు తీయవచ్చు. భర్త మనోహర్ చుట్టాలతో "మా ఆమెది ఇంటికాడి నౌకరే" అని చెప్పుకునేటంత దగ్గర. అట్లాంటిది జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు రమ్మన్నారు. కెమిస్ట్రీ లెక్చరర్. చిన్నదే అయినా ల్యాబ్ ఉంది. పోయిన నెల చూడటానికి వెళ్లినప్పుడు ఆ ల్యాబ్‌లో ఎవరో కడిగి బోర్లించిన గాజు గొట్టాలను ముట్టుకొని, చాలా కాలానికి తన చేతులు తనవే అనిపించి, ఎందుకో సిగ్గుపడి చేతులు వెనక్కి తీసుకుంది. సోమవారం నుంచి చేరాలి. పొద్దున ఏడింటి బస్సు ఎక్కాలి.

మనోహర్ వద్దనలేదు. చిక్కంతా అక్కడే ఉంది. వద్దంటే ఏడ్చేది, అలిగేది, పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకునేది. అతనేమో నవ్వుతూ, "పో. నేనేమన్న వద్దంటున్ననా? పొద్దుగాలటిది ఒక్కటి సూసుకో, సాలు" అన్నాడు. పొద్దుగాలటిది ఒక్కటి! ఆ ఒక్కటిలో అత్త పళ్లకు తగ్గ మెత్తటి ఉప్మా ఉంది, కూతురు మానస బడి డబ్బా ఉంది, పెనం మీది నుంచి నేరుగా కంచంలోకి రావలసిన మనోహర్ దోశ ఉంది. అతనికి బజార్లో చీరల దుకాణం. పదింటికి షట్టర్ లేపుతాడు, ఎనిమిది దాటితే గానీ మంచం దిగడు. ఏడింటికి బస్సెక్కిన మనిషి ఎనిమిది తర్వాత వేడి దోశ ఎట్లా వేస్తుంది? ఆమె చదివిన కెమిస్ట్రీలో దానికి జవాబు లేదు. తొమ్మిదో తరగతి చదివే మానస ఫోన్లో దొరికింది.

"మమ్మీ, ఇది ఒక్కసారి చేస్తే వారమంత ఉంటదట. పొద్దుగాల పొయ్యి ముట్టించే పనే ఉండది."

వీడియోలో పిల్ల ఓవెన్‌లో పెట్టి తీసింది. ఇంట్లో ఓవెన్ లేదు, మూకుడు ఉంది. మొదటిసారి బెల్లం పాకం పల్లిపట్టీకి పట్టినట్టు ముదరబట్టింది. చేతికి అలవాటైన పాకం అదే మరి. ఆరేసరికి ఓట్సూ పల్లీలూ నువ్వులూ ఒకే బండ అయి కూచున్నాయి. మనోహర్ ఆ ముక్కను గిన్నెకేసి కొట్టి చూసి, "గిది తినాల్నా, గోడకు పెట్టాల్నా?" అన్నాడు. రెండోసారి కోకో పొడి ముందే వేసింది, అడుగంటి మాడింది. "తునికాకు కాలినట్టుంది వాసన" అన్నది నలభై ఏళ్లు బీడీలు చేసిన లసుమవ్వ. మూడోసారి లేతపాకం, సన్న సెగ, విడవకుండా కలుపుడు. పొయ్యి ఆర్పినంక కోకో పొడిని నేతిలో కలిపి పోసింది. ఆరబెట్టి చేత్తో చిదిమితే చిన్న చిన్న గడ్డలుగా, గలగలమంటూ విడిపోయాయి. మనోహర్ డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసుకొని నమిలి, "అగో, గిది మంచిగయింది! హోటల్ల గూడ దొరకది గిట్ల" అన్నాడు. లసుమవ్వ చాయలో నానేసుకొని తిని మరికొన్ని అడిగింది. శ్రీలతకు ఆ సాయంత్రం బస్సు అప్పుడే ఎక్కేసినంత తేలికగా అనిపించింది.

గురువారం పొద్దున పరీక్ష పెట్టుకుంది. బల్ల మీద డబ్బా పెట్టింది, కాచి చల్లార్చిన పాలు పెట్టింది, గిన్నెలు, చెంచాలు పెట్టింది. "నేను లేననుకోండ్రి" అని చెప్పి, ఉతికిన బట్టల బకెట్ తీసుకొని మేడ మీదికి పోయింది. బట్టలన్నీ ఆరేసి, ఆరేసినవాటినే మళ్లీ సవరిస్తూ నిలబడింది. కింద నుంచి మనోహర్ గొంతు వచ్చింది.

"శ్రీలతా! ఓ శ్రీలతా! యాడున్నవ్?"

ఏమైందోనని దబదబ దిగి వచ్చింది. మనోహర్ బల్ల ముందు కూర్చొని ఉన్నాడు. ఎదుట ఖాళీ గిన్నె. డబ్బా అతని కుడిచేతి పక్కన, పాలు ఎడమచేతి పక్కన.

"అచ్చినవా? ఇగ కలుపు."

ఆమె కలిపింది. డబ్బా మూత తీసి గిన్నెలో వేసి, పాలు పోసి, చెంచా పెట్టి జరిపింది. అంతా అయినంక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

"నువ్వే పోసుకోవచ్చు గద మానస డాడీ. చెయ్యి అందుతది."

"అందుతది. నువ్వున్నవ్ గద!"

"సోమారం నుంచి ఉండను."

"రాత్రే కలిపి పెట్టిపో మరి."

"ముందే కలిపితే నానుతది. కరకర ఉండది."

"ఊఁ, నానితే నాకొద్దు" అని మనోహర్ ఒక చెంచా నోట్లో పెట్టుకొని, కరకర నములుతూ, ఏమాత్రం కోపం లేకుండా అన్నాడు: "గింత దానికి లొల్లేంది? నువ్వు లేకుంటే అవ్వ ఉంది, మానస ఉంది. ఇంట్ల ఆడోళ్లే లేరా?"

ఆ రోజంతా బడిలో శ్రీలత పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయింది. గింత దానికే. నిజమే, గింతదే. గిన్నెలో పాలు పోయడం. దాన్ని పట్టుకొని బాధపడుతున్నానని ఎవరికైనా చెప్తే నవ్వుతారు. మనోహర్ తాగడు, తిట్టడు, ఎన్నడూ చెయ్యెత్తలేదు. చెప్పుకుందామంటే ఒక్క తప్పూ పెద్దది దొరకదు. దుకాణంలో ఇదే మనిషి గద్దె మీద మోకాళ్ల మీద కూర్చొని, వచ్చిన ఆడవాళ్లకు చీర మీద చీర విప్పి చూపిస్తాడు, నచ్చలేదంటే మొహం మాడ్చకుండా మళ్లీ మడత పెడతాడు, "చాయ తాగు అక్కా" అని గ్లాసు చేతికిస్తాడు. ఆ చేతులు ఇంటి గడప దాటగానే ఎక్కడికి పోతాయి? లేక తనే వాటిని ఇన్నేళ్లూ కదలనివ్వలేదా? పెళ్లయిన కొత్తలో అతను లేచి నీళ్లు ముంచుకోబోతే, "నేనిస్త కూసో" అని చెంబు లాక్కున్నది తనే కదా. అప్పుడు అది ప్రేమ అనుకుంది. ప్రేమ కాదా మరి? ఏమో. ఏ ముడి ఎవరు వేశారో తెలియని దారపు ఉండలా ఉంది. విప్పబోయిన కొద్దీ బిగుస్తోంది. అసలు ఉద్యోగం కోసం తిండి మార్చాలని తనకెందుకు తోచింది? తినేవాళ్లు మారాలని ఎందుకు తోచలేదు?

శుక్రవారం మళ్లీ మేడ మీదికి పోయింది. ఈసారి పిలుపు రాలేదు. చాలాసేపు ఎదురు చూసింది. పిలుపు రానందుకు సంతోషపడాలి, పడింది కూడా. దాని వెనకాలే, నేను లేకుండానే తింటున్నారా? అని ఒక చిన్న నొప్పి. ఛీ, కావలసింది ఇదే కదా అని తనను తానే కసురుకుంటూ మెట్లు దిగి, సగంలో ఆగింది.

మనోహర్ ఫోన్ చూసుకుంటూ తింటున్నాడు. అతని పక్కన మానస నిలబడి ఉంది. ఒక జడ అల్లి ఉంది, ఇంకో జడ విప్పి ఉంది. పాల గిన్నెలో చిటికెన వేలు ముంచి, మరీ చల్లగా ఉన్నాయేమోనని చూస్తోంది. తండ్రి గిన్నెలో ఇంకొన్ని పోసింది. చెంచా కింద పడితే కడిగి తెచ్చి ఇచ్చింది. నానమ్మకు చాయలో నానేసి పెట్టింది. బల్ల చివర మానస గిన్నె ఉంది. ఎప్పుడు కలుపుకుందో ఏమో, నల్ల అటుకులు నాని, ఉబ్బి, పాలన్నీ పీల్చుకొని అంబలి అయ్యాయి. ఆ పిల్ల దాన్ని నిలబడే రెండు చెంచాలు తిని, మిగిలింది పక్కకు నెట్టింది.

మెట్ల మీద శ్రీలతను చూసి మనోహర్ మొహం వెలిగింది. "సూసినవా? నా బిడ్డ ఎంత హుషారో! ఒక్క మాట చెప్పలే, అన్ని అదే చేసింది. ఇగ నీకు రందే లేదు. సోమారం బేఫికర్‌గ పో."

పొమ్మంటున్నాడు. బతిమాలకుండా, బాధపెట్టకుండా పొమ్మంటున్నాడు. కోరుకున్నది కోరుకున్నట్టు చేతికొచ్చింది. అయితే ఆ చేతిలో ఉన్నది మానస విప్పిన జడేమో అనిపించింది ఆమెకు. మానసేమో తండ్రి మెచ్చుకున్నందుకు సిగ్గుగా నవ్వుతోంది. పోతే ఇదీ. పోకపోతే? రేపటి నుంచి మళ్లీ తను పోస్తుంది, మానస చూస్తుంది, అంతే. పోయినా అక్కడికే, ఉన్నా అక్కడికే వచ్చి ఆగుతుంటే ఇక దారి ఎటు?

శనివారం మధ్యాహ్నం వారానికి సరిపడా చేద్దామని కూర్చుంది. లసుమవ్వ చాట ముందేసుకొని నువ్వుల్లో మట్టి గడ్డలు ఏరుతోంది. ఆమె వేళ్లు వంకర పోయినా కదిలితే ఇప్పటికీ చురుకే.

"మానస పని చూస్తే మా సరోజన యాదికొస్తది" అన్నది లసుమవ్వ. సరోజన మనోహర్ అక్క, సిరిసిల్లలో ఉంటుంది. "నేను గిట్లనే చాట ముందటేసుకొని బీడీలు చుడుతుంటే పక్కపొంటి కూసుండేది. ఎంత, గింత పోరి. ఓనాడు నేను నీళ్లకు పోయి అచ్చి చూస్తునా, చుట్టిన బీడీలన్నిటికి మూతులు వత్తి పెట్టింది! చిటికెన గోరుతోని, సక్కగ. ఎంత మురిసిన్నో బిడ్డా. వాడకట్టంత తిరిగి చెప్పుకున్న."

"మీరు నేర్పిండ్రా అత్తమ్మా?"

"ఆడపిల్లలకు నేర్పాల్నా? చూసుకుంట చూసుకుంట అదే నేర్సుకున్నది."

"తర్వాత?"

"తర్వాతేముంది. బడి నుంచి అచ్చుడు, మూతులు వత్తుడు. ఇగ బడి గూడ ఇడిసిపెట్టింది. సిరిసిల్లకు ఇచ్చినంక ఆడ గూడ గదే పనాయె. మొన్న ఫోన్ల ఏడ్సింది, అన్నం కలుపుతాంటె వేళ్లు తిమ్మిరెక్కుతున్నయట."

శ్రీలత గంటె పక్కన పెట్టింది. "ఆ మొదటినాడే వద్దనకపోయిండ్రా?"

లసుమవ్వ తలెత్తి కోడలిని వింతగా చూసింది. "ఎందుకంట? పని సాగుతుండె గద."

మూకుట్లో పల్లీలు మాడు వాసన వచ్చాక గానీ శ్రీలత మళ్లీ గంటె అందుకోలేదు.

సోమవారం చీకటి విడుస్తుండగానే స్నానం చేసి, జరీ లేని నేత చీర కట్టుకొని, సంచీలో కాగితాలు సర్దుకుంది. మనోహర్ నిద్రలో ఉన్నాడు. లసుమవ్వ అరుగు మీద కూర్చొని పళ్లు తోముకుంటోంది. బల్ల దగ్గర చప్పుడైతే శ్రీలత వెళ్లి చూసింది. మానస. ఎవరూ లేపకుండానే లేచి, మొహమైనా కడుక్కోకుండా, తండ్రి గిన్నె తీసి అతను కూర్చునే చోట పెట్టి, చెంచా తుడుస్తోంది.

శ్రీలత వెళ్లి ఆ గిన్నె తీసి అరలో పెట్టేసింది. మానస గిన్నె తీసి నల్ల అటుకులు వేసి, పాలు పోసి, కుర్చీ లాగింది. "కూసో. తిను. నానకముందే తిను."

మానస అయోమయంగా కూర్చుంది. ఒక చెంచా నమిలింది. "డాడీది గిన్నె ఎందుకు తీసేసినవ్?"

"డాడీది డాడీ తీసుకుంటడు. డబ్బా ఈడనే ఉంటది. పాలు ఈడనే ఉంటయ్. చెయ్యి ఆయనకాడనే ఉంటది."

"పోసుకోకుంటే?"

"ఆకలితోని దుకాణం పోతడు."

"నానమ్మ నన్నే తిడతది మమ్మీ."

"తిట్టనీ. నాకు ఫోన్ చెయ్యమను. నువ్వు మాత్రం నీ గిన్నెల వరకే పోసుకో."

మానస చెంచా ఆపి తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఎదురు తిరగడం లేదు, లెక్క అర్థం కానప్పుడు బ్లాక్‌బోర్డు వైపు చూసినట్టు చూస్తోంది. "పాలే గద మమ్మీ. పోస్తే ఏమైతది?"

ఏమవుతుంది? శ్రీలత నిజంగా వెతికింది. పిల్లలు ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా దాటేసే టీచర్ కాదామె. ఒక్కనాడు పోస్తే ఏమీ కాదు. రెండు రోజులు పోసినా ఏమీ కాదు. తండ్రికి బిడ్డ పాలు పోస్తే తప్పని ఏ పుస్తకంలోనూ లేదు. మరి ఇంత చిన్నదాన్ని పట్టుకొని ఇంటి మీదికి గొడవ తెచ్చుకుంటోందా? సాయంత్రం వచ్చేసరికి మనోహర్ మొహం ఎట్లా ఉంటుంది? వీధి మొదట్లో బస్టాండుకు పోయే ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. ఆమె చెప్పులు వేసుకొని, మళ్లీ వెనక్కి వచ్చి, మానస విప్పిన జడను చేతిలోకి తీసుకొని గబగబా అల్లి రబ్బరు పెట్టింది.

"ఏమైతదో నాకు గూడ సక్కగ చెప్పరాదు బిడ్డా. గాని నువ్వు పొయ్యకు."