నత్త కొమ్ములు

ఆమె పనిచేసేది పాత వెండి సామాన్లు వేలం వేసే సంస్థలో. పొద్దుటి నుంచి కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న చిన్న వస్తువుల మీది ముద్రలు చూసి అవి ఏ పనివాడివో చెప్పాలి. మాత్రల డబ్బాలు, ఉప్పు చెంచాలు, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగులు. బియ్యపు గింజంత ముద్రలో ఒక కోడో, కత్తో, రెండక్షరాలో ఉంటాయి. ఇల్లు చేరేసరికి కళ్లు ఇసుక పోసినట్టు మండుతాయి.

ఆ రోజు చెప్పులు విప్పకముందే అత్తగారు సూదులు దాచుకునే వెండి గొట్టం పట్టుకుని ఎదురొచ్చారు.

"ఏమ్మా, వెలుతురుండగానే ఒక్కసారి చూడు."

"చాలాసార్లు చూశాను కదా అత్తయ్యా. దీపం ముద్ర ఒక్కటే ఉంది. అది వెండి సామాన్లమ్మే పెద్ద కొట్టుది."

"పక్కన నత్త ఉంటుంది. సరిగ్గా చూడు."

అత్తగారి నాన్న వెండిపనివాడట. చెయ్యి నిదానమని తోటివాళ్లు నత్త అని వెక్కిరిస్తే, కోపం తెచ్చుకోకుండా నత్తనే తన ముద్రగా చెక్కించుకున్నాడట. అత్తగారి అక్క మాత్రం ఇదంతా కట్టుకథ అంటుంది. పోయిన ఆదివారం అందరూ భోంచేస్తుండగా మళ్లీ అంది.

"నాన్న ఆ కొట్లో సామాన్లు తోమేవాడే. నత్తా లేదు, గిత్తా లేదు. రాత్రి నువ్వు పడుకోవడానికి చెప్పిన కథ పట్టుకుని ఈ వయసులో వేలాడతావేమే? పైగా ఎంత కోపిష్టి మనిషి! మేకులాంటి ఇనపముక్క నా చెయ్యి జారి గచ్చు మీద పడితే, వీపు విమానం మోత మోగించాడు."

అత్తగారు సగం అన్నంలోంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే పోరు.

"ఉందని చెప్పేస్తే పోయేదేముంది?" అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. "మా అమ్మకి మనశ్శాంతి, నీకు వేడి కాఫీ."

చెప్పేయొచ్చు. ఒళ్లు అలిసిన వేళ నిజం చెప్పడం కూడా మిగిలిపోయిన ఇంటిపనిలా బరువనిపిస్తుంది. కానీ కూరలో ఉప్పెక్కువైతే మొహం మీదే అనేసే కోడలని ఇన్నేళ్లు దెప్పిన అత్తగారు, ఇప్పుడు ఆ నోటినే నమ్ముకుని అడుగుతున్నారు.

"మళ్లీ చూస్తాను లెండి," అని కోడలు పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆ వారంలోనే ఆఫీసుకు ఒక పెట్టెడు ఉప్పు చెంచాలు వచ్చాయి.

"అన్నీ పెద్ద కొట్టువే," అన్నాడు మేనేజరు. "దీపం ముద్ర అని రాసి పడెయ్యండి, మీకూ పని తగ్గుతుంది."

ఆమెకూ అదే కావాలి. కానీ అడుగున ఉన్న చెంచా మీద దీపం వంకరగా పడింది. దాని కిందనుంచి ఇంకేదో తొంగిచూస్తోంది. చుట్టలు తిరిగిన గుల్ల. ముందు రెండు కొమ్ములు. ఎడమది పొట్టి, ముద్ర కొసన చిట్లినట్టు.

భూతద్దం తీసి కళ్లు నులుముకుంది. అలిసిన కళ్లకి చూడాలనుకున్నదే కనబడుతుంది. అందుకని చెంచా కాడను కొవ్వొత్తి పొగలో పట్టి, మసి పట్టిన ముద్ర మీద టేపు అతికించి తీసి, తెల్ల కార్డు మీద అంటించింది. టేపుకి అత్తగారు లేరు కాబట్టి అది ఉన్నదే చూపిస్తుంది. నత్త అలాగే ఉంది.

సాయంత్రం ఇంట్లో సూదుల గొట్టానికీ మసి పట్టించి టేపు తీసింది. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూసింది. గొట్టం మీద దీపం పక్కన రెండు చుక్కలే మిగిలాయి. వాటి మధ్య దూరం చెంచా మీది కొమ్ముల మధ్య ఉన్నంతే. ఎడమది పొట్టి.

"కొమ్ములున్నాయి అత్తయ్యా. నత్తవే. మా ఆఫీసుకొచ్చిన ఒక చెంచా మీద నత్త మొత్తం ఉంది, అది చేసిన చెయ్యే ఇదీ చేసింది."

అత్తగారు కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. "మరి దీపం?"

"పనివాళ్లు చేసి తెచ్చిన వాటి మీద కొట్టువాళ్లు తమ ముద్ర కొట్టుకునేవాళ్లు. పనివాడెవరో తెలిస్తే, కొనేవాళ్లు నేరుగా అతని ఇంటికే పోతారుగా."

"మా నాన్న నెత్తి మీదే దీపం పెట్టారన్నమాట. సరే, గుల్లేది?"

"అరిగిపోయింది."

"ఎలా?"

"మీరు వారం వారం తోముతారు కదా."

అత్తగారు గొట్టం మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, టక్కున వెనక్కి తీసుకున్నారు. రెండు కార్డుల మీది కొమ్ముల్నీ భూతద్దంలో చూశారు. తర్వాత అన్నారు: "ఆ పొట్టి కొమ్ము ఎందుకు విరిగిందంటావు?"

"ముద్ర కొట్టే ఇనప పనిముట్టు గట్టి నేల మీద పడితే అలా..." అని ఆగిపోయింది కోడలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అత్తగారు ఫోను అందుకున్నారు. "అక్కా, నువ్వు గచ్చు మీద పడేసింది ఇనపముక్క కాదే. నాన్న ముద్ర. ఇదిగో, విరిగిన కొమ్ము నా ముందే ఉంది... నా కోడలు చెప్పింది. దానికి అబద్ధం రాదని నీకూ తెలుసు, పోయినసారి నీ వంట తిని ఏమందో మర్చిపోయావా?"

అవతలి నుంచి పెద్దావిడ గొంతు సన్నగా వినబడింది. "అందుకా కొట్టాడు? చెప్పి ఏడవొచ్చు కదా, మహానుభావుడు!"

ఆ ఆదివారం అత్తగారు ఎప్పట్లాగే వెండి సామాన్లన్నీ ముందేసుకుని తోమారు. సూదుల గొట్టం మాత్రం కిటికీలో ఉండిపోయింది, పొగమసి కూడా పూర్తిగా వదలకుండా. కూరలు తరుగుతూ లేచిన కోడలు అలవాటు కొద్దీ కొంగుతో దాన్ని తుడవబోయింది.

"ముట్టుకోకు," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండానే. "నల్లబడనీ."