తమ్ముడు చెప్పిన రేపు

ఆఫీసులో అతన్ని వరసలాయన అంటారు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండదు. డయాలసిస్ గదుల్లో నీళ్ళ మిషన్లు బాగుచేయడం అతని ఉద్యోగం. నెలలో సగం రోజులు ఊళ్ళు పట్టుకుని తిరగడమే. బస్సులో పక్క సీటువాడు దిగేలోపు బాబాయి అయిపోతాడు. లాడ్జీ మేనేజరు తెల్లారేసరికి అల్లుడవుతాడు. ఒక్కడే కూచుని భోంచెయ్యమంటే మాత్రం ముద్ద దిగదు పాపం. ఊరుగాని ఊళ్ళో నవ్వుతూ పలకరించే మొహం ఒకటి కావాలనుకోవడం నేరమేమీ కాదు.

ఆ ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి. రోగులు లేక కాదు, నీళ్ళు లేక. డయాలసిస్‌కి కుళాయి నీళ్ళు పనికిరావు, ప్రత్యేకంగా వడకట్టిన నీళ్ళు కావాలి. ఆ వడకట్టే మిషన్ పంపు కాస్తా కాలి కూర్చుంది. వరసలాయన దాన్ని విప్పి, వాసన చూసి, పెదవి విరిచాడు. కొత్తది వెయ్యాల్సిందే. గోడౌనుకి ఫోన్ చేశాడు.

"చూద్దాం. ఉంటే ఇవాళే పంపిస్తా," అన్నాడు గోడౌన్ వాడు.

చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వస్తే బెంచీ మీద ఒక జంట కూచుని ఉంది. ఆయన సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఆవిడ బట్టలు కుడుతుంది. పొద్దున ఆయనకి జరగాల్సిన డయాలసిస్ తప్పిపోయి, ఏం చెయ్యాలో తోచక అక్కడే ఉండిపోయారు. వరసలాయన పక్కన కూలబడి, ఆవిడ ఫ్లాస్కులోంచి పోసిచ్చిన టీ సగం తాగేసరికే ఆవిడ అక్కయ్య అయింది. ఆయన ఆటోమేటిగ్గా బావ. అతని చొక్కా జేబు చిరిగి వేలాడుతుంటే అక్కయ్య బ్యాగులోంచి సూదీ దారం తీసి, ఒంటి మీద ఉండగానే కుట్టేసింది.

"మా ఆవిడ వైపు మాట్లాడేవాళ్ళు ఇన్నాళ్ళూ లేరని హాయిగా ఉన్నాను. ఆ ముచ్చటా తీరింది," అన్నాడు బావ.

"ఇకనుంచి మా అక్కని ఓ మాటంటే ఊరుకోను బావా," అన్నాడు ఇతను. ముగ్గురూ నవ్వుకున్నారు. కాళ్ళ వాపుతో ఉన్న మనిషి నవ్వుతుంటే వరసలాయనకి కడుపు నిండినట్టయింది.

అప్పుడు అడిగింది అక్కయ్య. "తమ్ముడూ, పక్క టౌనులో ఇవాళ ఒక మంచం ఖాళీ ఉందట, వెళ్ళిపొమ్మంటోంది నర్సు. మధ్యాహ్నం బస్సుంది. రెండు గంటలు కుదుపుల్లో ఈయన్ని తీసుకెళ్ళాలంటే భయంగా ఉంది. మిషన్ ఎప్పటికి అవుతుందో నువ్వే చెప్పు. వెళ్ళమంటావా, ఉండమంటావా?"

గోడౌన్ వాడు చూద్దామన్నాడు. అదే మాట చెప్పొచ్చు. కానీ ఆవిడ మొహంలో దిగులు చూసి అతని నోరు ఊరుకోలేదు.

"ఎందుకక్కా ఆ అవస్థ? రేపు పొద్దున్నకల్లా నీళ్ళు రాకపోతే నన్నడుగు."

నర్సు చెప్పినా, డాక్టరు చెప్పినా ఆవిడ ఇంకోసారి ఆలోచించేదేమో. మిషన్ విప్పిన చేతులతోనే తమ్ముడు చెబుతుంటే ఇంకేం ఆలోచిస్తుంది? బస్సు వెళ్ళిపోయింది.

మర్నాడు పార్శిలు రాలేదు. ఫోన్ చేస్తే గోడౌన్ వాడు తాపీగా, "స్టాకులో లేదు గురూ. కంపెనీకి రాశాం," అన్నాడు. ఎప్పుడొస్తుందంటే వాడికీ తెలీదు. వరసలాయన కాలిన పంపునే మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. అది బతకదని తెలుసు. అయినా బయటికెళ్ళి ఆ మొహాలు చూడ్డం కంటే అదే నయమనిపించింది.

మధ్యాహ్నానికి బావ పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడదు. జోకులు ఆగిపోయాయి. వరసలాయన పరుగున వెళ్ళి కారు మాట్లాడి, ఆయన్ని చేతుల మీద ఎత్తి కూచోబెట్టాడు. దారిలో అక్కయ్య, "పంపు రాలేదా?" అంటే, "దారిలో ఉందక్కా," అన్నాడు. ఆ మనిషి రొప్పుతుంటే ఇంకో మాట నోట రాలేదు.

పక్క టౌను ఆసుపత్రిలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. డాక్టరు బావని ఒక్క చూపు చూసి, అప్పుడే మంచమెక్కిన ఒక పెద్దాయన్ని దించి, బావని ఎక్కించాడు. పెద్దాయన వచ్చి వరండాలో బెంచీ మీద కూచున్నాడు. ఆయన కాళ్ళూ వాచే ఉన్నాయి.

"ఏమనుకోకండి," అంది అక్కయ్య ఆయనతో. "మా తమ్ముడు లేకపోతే ఈ పూట మా ఆయన దక్కేవాడు కాదు. మా ఊళ్ళో మిషన్ బాగుచేసేది కూడా వీడే."

పెద్దాయన మొహం విప్పారింది. "అలాగా బాబూ! మీ ఊరి వాళ్ళంతా ఇక్కడికే వస్తుంటే మాకు వంతులు దొరకడం లేదు. అక్కడెప్పుడు మొదలవుతుంది? రేపైనా నాకు మంచం దొరుకుతుందా?"

రేపు అనే మాట నాలుక చివరికొచ్చింది. అంటే ఆ ముసలి ప్రాణం ఈ పూటకి కుదుటపడుతుంది. అద్దాల తలుపు అవతల బావ ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"తెలీదండీ," అన్నాడు. "పంపు లేదు. ఎప్పుడొస్తుందో నాకు తెలీదు."

అక్కయ్య నవ్వబోయింది. "అదేంట్రా, దారిలో ఉందన్నావుగా?"

"లేదక్కా."

"మరి నిన్న? పొద్దున్నకల్లా అన్నావే, నిన్న తెలుసా నీకు?"

"నిన్నా తెలీదు. నువ్వు దిగులుపడుతున్నావని..."

ఆవిడ తిడుతుందేమోనని తలవంచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నిన్న మాకు బస్సుందండీ," అంది అతనితో.

బ్యాగు భుజానికి తగిలించుకుని అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది.