రెండు చుక్కల స్లైడు

స్కానర్ మీట నొక్కేముందే వసుంధర ఫ్లాస్కు నిండా కాఫీ కలిపి పెట్టుకుంటుంది. మొదట్లో తెలియక, మీట నొక్కి వంటింట్లోకి పరిగెత్తేది. పాలు పొంగేలోపల వచ్చిన మనిషి వెళ్లిపోయేవారు. ఒక్కో స్లైడుకు స్కానర్ ఏడు నిమిషాలు తీసుకుంటుంది. ఆ ఏడు నిమిషాలూ స్లైడులోని మనిషి హాల్లో టీవీ పక్క కుర్చీలో కూర్చుంటారు. లోపలి వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు పాకి ఆగిందంటే, కుర్చీ ఖాళీ. ఇంటికొచ్చిన పెద్దవాళ్లను గొంతు తడపకుండా పంపిస్తే ఏం మర్యాద? అందుకని ఫ్లాస్కు. గుంపుగా తీసిన స్లైడయితే ఎదురింటి షంషాద్‌బీని అడిగి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకోవాలి.

"ఈరోజు ఎంతమందొస్తారు వసుంధరక్కా?" అని షంషాద్‌బీ గుమ్మంలోనే అడుగుతుంది.

"పెనుకొండ కోట కాడ తీసిందుంటే తొమ్మిది మంది."

"కుర్చీలు మళ్లీ కడిగి పంపాలక్కా. పోయినసారి మీ పెదమామ కాఫీ ఒలకబోసిపాయ."

హిందూపురంలో వాళ్లది చింతపండు మండీ. మామగారు వేణుమాధవ్ ఉన్నన్నాళ్లూ తూకం తర్వాత ఆయనకు తెలిసిన పని ఫోటోలు తీయడమొక్కటే. మామూలు ఫోటోలు కూడా కాదు, గోడమీద పెద్దదిగా వేసి చూసుకునే స్లైడ్లు. ఆయన పోయాక నాలుగు వందల పైచిలుకు స్లైడ్లు ఇనుప పెట్టెలో బూజు పట్టాయి. ధర్మవరంలో బ్యాంకులో పనిచేసే వసుంధర కూతురు సింధూర అది చూసి స్కానర్ కొని పంపింది. పని ఎవరు చేయాలన్న మాట రాగానే అందరి చూపులూ ఒకవైపే తిరిగాయి.

"నువ్వు ఇంట్లో ఊరికే ఉంటావు కదా" అన్నాడు భర్త రాజశేఖర్.

ఊరికే ఉండటమంటే ఏమిటో చెప్పాలి. మరిది శివప్రసాద్, అతని భార్య రేఖ, మండీలో మూటలు మోసే ఏడుగురు, వీళ్లిద్దరూ కలిపి పదకొండు మందికి రెండుపూటలా వంట. ఎర్రటి ఎండాకాలంలోనూ పెద్ద గుండిగలో రాగి సంగటి కెలకాలి. కెలికి కెలికి వసుంధర కుడి మణికట్టు పూరీలాగా పొంగింది. మూడు నెలలు బరువు ఎత్తొద్దు, సంగటి కట్టె ముట్టొద్దు అన్నాడు డాక్టరు. ధర్మవరం వచ్చి తన దగ్గర ఉండమని సింధూర రోజూ ఫోనులో పోరుతుంది.

పోవడానికి లేదు. అత్తగారు హనుమమ్మ పోయేముందు అందరినీ మంచం చుట్టూ నిలబెట్టి, "పెద్దకోడలి చేతి అన్నమే ఈ ఇంట్లో ఉడకల్ల. ఇంకొకరి చెయ్యి పొయ్యి మీద పడగూడదు" అని మాట తీసుకుంది. ఆ మాట మీదే మండీ నిలబడిందని అన్నదమ్ముల నమ్మకం. మేడమీద ఆడపిల్లలకు మగ్గంపని నేర్పే రేఖ ఒకపూట తాను వండుతానంటే, "అమ్మ మాట తప్పమంటావా?" అని శివప్రసాద్ రెండురోజులు మాట్లాడలేదు. ఆ మాట ఎత్తేయగలిగిన మనిషి ఒక్కతే. ఆమె పెట్టెలో స్లైడుల మధ్య ఉంది.

అందుకే అత్తగారి స్లైడు చేతికొచ్చినప్పుడల్లా వసుంధర కాఫీలో పాలు చిక్కగా పోసేది. ఇప్పటికి పద్నాలుగుసార్లు వచ్చింది హనుమమ్మ. ఒకసారి ముప్పై ఏళ్ల వయసుతో, ఒకసారి తల నెరిసి. కుర్చీలో కూర్చుని ఎప్పుడూ కుడివైపు వంటింటి గుమ్మం వంకే చూస్తుంది. ఇంటి సంగతులన్నీ ఆమెకు తెలిసే ఉంటాయి. ఎట్లా తెలుసని ఎవరూ అడగలేదు.

"అత్తా, చెయ్యి శానా నొప్పిగా ఉండాది. మూడు నెలలు…"

"ఆడ పొయ్యి మీద ఏందో మాడతాంది, చూడుపో."

పద్నాలుగుసార్లూ ఏదో ఒకటి మాడుతూనే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి వసుంధర అప్పటికే పన్నెండు స్లైడ్లు చేసింది. మండీ సెలవు కాబట్టి మగవాళ్లు హాల్లోనే పడుకున్నారు. షంషాద్‌బీ కుర్చీలు లెక్క చూసుకోను వచ్చి అట్లాగే కూర్చుండిపోయింది. నిద్ర ముంచుకొస్తూంటే వసుంధర పదమూడోది తీసింది.

స్లైడుకు ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియడానికి వేణుమాధవ్ దాని చుట్టూ ఉండే అట్టముక్క మీద ముందువైపు మూలన కుంకుమతో చుక్క పెట్టేవాడు. చుక్క పైకి కనపడేటట్టు పెడితే బొమ్మ సరిగ్గా వస్తుంది. ఈ స్లైడుకు రెండువైపులా చుక్కలున్నాయి. తిప్పి తిప్పి చూసి, ఎర్రగా ఉన్నదే అసలుదనుకుని అది పైకి పెట్టి మూత మూసింది.

హనుమమ్మ వచ్చింది. అయితే పైట కుడి భుజం మీద ఉంది. ముక్కుపుడక అటుపక్కది ఇటు మారింది. కుర్చీలో కూర్చుని ఎడమచేయి చాచి గ్లాసు అందుకుంది.

"అయ్యో! ఎడమచేత్తోనా పెద్దమ్మా!" అంది షంషాద్‌బీ.

రాజశేఖర్ లేచి కూర్చున్నాడు. "ఏం చేసినావు? అమ్మను తిరగేసి పెట్టినావే!"

మేడ దిగొస్తున్న రేఖ అట్టముక్క సంగతి విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ రెండో చుక్క నేను పెట్టిందే బావా. పెళ్లైన సంవత్సరం ఆయుధపూజకు కుంకుమ గిన్నె చేతికిచ్చి అన్నిటికీ బొట్టు పెట్టమంటిరి. కాటాకు పెడితి, లారీకి పెడితి, వీటికీ పెడితి. ఏది వీపో ఏది ముఖమో నాకేం తెలుసు?"

హనుమమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. కుడివైపు తిరిగే అలవాటున్న ముఖం ఈసారి ఎడమవైపు తిరిగింది. అక్కడ ఫ్లాస్కు పట్టుకుని వసుంధర నిలబడి ఉంది.

"ఈ చెయ్యి ఎప్పట్నుంచి ఇట్లుండాది?"

వసుంధర ఫ్లాస్కు ఎడమచేతికి మార్చుకుంది. "రెండేండ్లాయె అత్తా."

"కుచ్చో."

"మీ ముందర…"

"కుచ్చోమంటాండా కదా."

వసుంధర షంషాద్‌బీ ఎర్రకుర్చీలో కూర్చుంది. హనుమమ్మ ఫ్లాస్కు తీసుకుని ఎడమచేత్తోనే కాఫీ పోసి కోడలికి ఇచ్చింది. "శేఖరా, రేపట్నుంచి పొయ్యికాడికి ఎవురు పోతారో మీరే చూసుకోండి. ఇది పోదు. నా మాట నేను తీసేసుకుంటాండా."

"అమ్మా, నువ్వు తిరగబడి వచ్చిండావు. ఇది లెక్కలోకి రాదు" అన్నాడు రాజశేఖర్.

"తిరగబడితే నీ అమ్మను కాకుండా పోతినేమిరా? ఆ పక్కనుంచి చూసినన్నాళ్లూ నాకు పొయ్యి కనపడె. ఈ పక్కనుంచి మనిషి కనపడతాంది. దానికి నేనేం చేసేది?"

ఇంకేదో అనబోయింది. స్కానర్ వెలుగు కొసకు చేరింది. కుర్చీ ఖాళీ అయింది.

షంషాద్‌బీయే మొదట గొంతు సవరించుకుంది. "పెద్దమ్మ అన్నమాట నేను చెవులారా విన్యా. రేపు ఎవురన్నా లేదంటే నేనొచ్చి చెప్తా."

"దాన్ని సరిగ్గా తిప్పి ఇంకోసారి పెట్టు. అప్పుడేమంటాదో చూద్దాం" అన్నాడు రాజశేఖర్ భార్యతో.

వసుంధర ఆ కాఫీ చివరిచుక్క దాకా తాగింది. చల్లారలేదు. "పొద్దున్నుంచి పదమూడు చేసినా. నాకింక చేతగాదు. కావాలంటే మీరే పెట్టుకోండి" అని లోపలికి వెళ్లి, పగటిపూట ఎప్పుడూ పడుకోని మనిషి మంచం ఎక్కింది.

రాజశేఖర్ స్కానర్ ముందు కూర్చున్నాడు. మూత ఎత్తడం ఎట్లానో తెలుసుకునేసరికి పది నిమిషాలు పట్టింది. స్లైడు తీసి తిప్పి పట్టుకున్నాడు. ఎదురుగా కంప్యూటర్ తెర నిండా ఇందాకటి బొమ్మ ఉంది. చిన్నప్పటినుంచీ గోడమీద నూరుసార్లు చూసిన బొమ్మే. అలవాటైన వైపు కాకపోయేసరికి కొత్తమనిషిని చూస్తున్నట్టు మొదటినుంచీ చూడాల్సి వచ్చింది. అమ్మ నవ్వడం లేదు. ఒళ్లో దాచుకున్న చేతి మణికట్టుకు గుడ్డపీలిక చుట్టి ఉంది. పీలికకు పసుపు అంటి ఉంది.

"రేఖా" అని పిలిచాడు. "అమ్మకు చెయ్యి నొప్పుండెనా?"

"నేనొచ్చేటప్పటికే ఉండె బావా. రాత్రిపూట వేణ్ణీళ్లలో పెట్టుకుని కూర్చునేది. మీకు చెప్పొద్దనేది."

అతను స్లైడు మళ్లీ స్కానర్లో పెట్టలేదు. చాలాసేపటికి దాన్ని పెట్టెలో వేశాడు. సరిగ్గానో తిరగేసో చూసుకోలేదు.

సోమవారం పొద్దున ఆటో పిలిచింది రాజశేఖరే. స్టేషన్లో ధర్మవరానికి టికెట్ తీసిచ్చి, బ్యాగు రైల్లో పెట్టి, "చెయ్యి చూసుకో" అన్నాడు. రైలు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

పెనుకొండ రాకముందే ఫోను మోగింది. శివప్రసాద్. "వదినా, ఇంట్లో చింతపండు యాడ పెట్టినావు?"

"మండీ పెట్టుకున్నోడివి నన్నడుగుతాండావా నాయనా!" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆవులింతైంది. డబ్బా ఎక్కడుందో చెప్పి ఫోను పెట్టేసింది. పెనుకొండలో జామకాయలమ్మే మనిషి కేకలు వినపడ్డాయి. తర్వాత ఏమీ వినపడలేదు.

ధర్మవరం జంక్షన్‌లో జనం దిగుతుంటే పక్కసీటు ఆమె భుజం తట్టింది. "అక్కా, దిగల్ల."

వసుంధర కదల్లేదు. అప్పటికే బోగీలోకి ఎక్కి వచ్చిన సింధూర ఆమె చేతిని మెల్లగా ఆపింది. "లేపొద్దక్కా. బండి ఈడ ఎంతసేపుంటాది?"

"ఇంజను మారుస్తాండారు. అరగంటన్నా ఉంటాది."

సింధూర హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని అమ్మ ఎదురుసీట్లో కూర్చుంది. బ్యాంకుకు ఆలస్యమవుతుందని ఫోన్లో ఎవరికో రాసి, కిటికీలోంచి ఎండ అమ్మ ముఖం మీద పడకుండా రెక్క కిందికి దించింది.