లెవెల్ పైపు

ఊరందరి ఇళ్ళకీ నీళ్ళు పారే వాటం చూసి నేలలు వేసిన మేస్త్రీ మా ఆయన. మా పెరట్లో మాత్రం వాన పడితే నెల్లాళ్ళు నీళ్ళు నిలుస్తాయి. దీపం కింద చీకటి అంటే మా ఇల్లే. పదేళ్ళుగా అడుగుతున్నాను. రేపు చూద్దాం అనేవాడు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషికి రేపు ఎప్పుడు దొరుకుతుంది?

పరంజా మీంచి పడ్డాక అన్నీ రేపులే. వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఆ బురదకేసి చూస్తాడు. ఉలకడు, పలకడు. నడవకపోతే నెలలో మోకాలు అలాగే బిగిసిపోతుందని డాక్టరు చెప్పాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. లేవలేదు.

నాకు విసుగెత్తింది. ఆస్పత్రి లాండ్రీలో పొద్దంతా దుప్పట్లు పిండి వచ్చి, పార పట్టుకుని పెరట్లో కాలువ తవ్వడం మొదలుపెట్టాను. ఆయన మీద కోపమంతా మట్టి మీద చూపించాను. నాలుగు రోజులకి కాలువ వెనక గోడ దాకా చేరింది. ఐదో రోజు వాన పడింది. నీళ్ళు గోడ దాకా వెళ్ళి, తిరిగొచ్చి వంటింట్లోకి దూరాయి.

తుడుస్తుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"కంటితో చూస్తే వాటం తెలీదే. లెవెల్ పైపు తీసుకురా."

చాలా రోజుల తరవాత తనంతట తాను మాట్లాడాడు. నీళ్ళు నింపిన ఆ సన్నటి పైపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను గోడ దగ్గర పట్టుకున్నాను. రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో ఆగాలట. ఎంతకీ ఆగవు.

"వేలు తియ్యి," అన్నాడు.

"ఏ వేలండీ?"

నీళ్ళు ఒలికిపోతాయేమోనని పైపు మూతిని బొటనవేలితో మూసేశాను. అది నాకే తెలీదు. ఆయన పళ్ళు నూరుకుంటూ, కర్ర పట్టుకుని లేచాడు. పదహారు అడుగులు లెక్కపెట్టాను. వచ్చి నా వేలు లాగేశాడు. నీళ్ళు జారి సరైన చోట నిలిచాయి.

"ఇంత చదువుకున్నావు, గాలి ఆడాలని తెలీదూ," అన్నాడు.

చదివింది ఏడో తరగతి. మర్నాడు మళ్ళీ వేలు పెట్టాను, ఈసారి తెలిసే. మళ్ళీ వచ్చాడు. నెలంతా నేను బుద్ధిలేనిదాన్నే అయ్యాను.

గోడ కింద తూము పెట్టి, కాలువ అడుగున ఇటుక ముక్కలు, కంకర పరిచాం. తవ్విన మట్టి మధ్యకి ఎత్తి దిబ్బ చేశాం. తడి ఆగే మూల మెట్టతామర, చేమ. దిబ్బ మీద మల్లె, బెండ, టమాటా. నడుము విరిగిందనుకోండి. కానీ మూడు నెలలకి పెరడు పచ్చగా కమ్ముకుంది. మెట్టతామర నా భుజం దాటింది.

నిన్న మధ్యాహ్నం పెద్ద వాన పడింది. వెలిశాక చూస్తే నీళ్ళు గలగలమంటూ గోడ కింద తూము గుండా పోతున్నాయి. డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీగా ఉందని ఆ కుర్చీలో కూలబడ్డాను. అది ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించే ఓపిక కూడా లేదు.

ఆయన తోట చివర, తూముకి అడ్డం పడ్డ ఆకులు తీస్తున్నాడు. పైపు లేదు, కర్ర గుమ్మం దగ్గరే ఉంది. లేవబోయాను.

"కూర్చో. రోజూ వేలు పెట్టీ పెట్టీ అలిసిపోయుంటావు," అన్నాడు, తలెత్తకుండానే.

నాకు ఏడుపొచ్చింది. కూర్చునే ఏడ్చాను.