ఒకే గొట్టం

లింగంపల్లి పశువుల దవాఖానలో నేను కంపౌండర్‌ని. డాక్టరు బదిలీ అయి మూడు నెలలైంది, కొత్తాయన రాలేదు. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం, చుట్టుపక్కల పదకొండు ఊళ్ల గొడ్లకు నేనే దిక్కు. నాకు దిక్కు ఒక సైకిలు. దాని వెనక చక్రంలో గాలి నిలవదు.

నానక్‌రామ్‌గూడలో పెద్దరోగం దిగిందని కబురొచ్చింది. కళ్ల వెంట పుసి, నోట్లో పుండ్లు, ఆ తర్వాత నీళ్లలాగా పారుడు. పారుడు పట్టిన గొడ్డు వారం తిరగకుండా పోతుంది. వచ్చాక మందు లేదు. రాని గొడ్డుకు సూది వేస్తే రాకుండా ఆపొచ్చు, అంతే. ఆ సూదిమందు పట్నం నుంచి ఐసుపెట్టెలో రావాలి. అందాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక, పారుడు కట్టడానికి కాచు, సుద్ద కలిపిన పొడి ఒక డబ్బా నిండా ఐలయ్య చేతికిచ్చాను.

ఐలయ్య ఆ ఊళ్లో గొడ్లకు మందు పోసే మనిషి. అరవై దాటాయి. తండ్రి ఇచ్చిన వెదురు గొట్టం ఒకటుంది అతనికి. కొసను ఏటవాలుగా కోసి, పశువు నాలుక తెగకుండా నున్నగా అరగదీసి ఉంటుంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు.

"అన్ని ఇండ్లల్ల మందు పొయ్యి ఐలయ్యా. రోగమున్నదానికి పొయ్యి, లేనిదానికీ పొయ్యి," అన్నాను. ఎండకు నెత్తి మాడిపోతోంది, ఇంకా రెండు ఊళ్లు తిరగాలి. ఆలోచించే ఓపిక లేదు. ఆ మాట అనేసి సైకిలెక్కాను.

పదిహేను రోజులకు సూదిమందు అందింది. తీసుకుపోయేసరికి పదిహేడు గొడ్లు పోయాయి. నాకు అర్థం కాలేదు. రోగం మొదట ఒక్క పెంటయ్య కొట్టంలోనే ఉంది. అతని ఆవు మందలో కలవలేదు, నీళ్లకు బావి దగ్గరికీ రాలేదు. మరి ఊరి ఆ చివరికి ఎలా పాకింది? ఎవరి గొడ్డు ఏ రోజు పడిందో ఇల్లిల్లూ అడిగాను. పెంటయ్య తర్వాత ఎల్లేశం. ఆ పక్కన సక్కుబాయి. మలుపు తిరిగితే నీలమ్మ. అది ఐలయ్య పొద్దున్నే మందు పోస్తూ తిరిగే వరస.

రోగమున్న నోట్లో పెట్టిన గొట్టాన్ని నీళ్లతో కడిగి, పంచెకు తుడిచి, లేని నోట్లో పెడుతూ పోయాడు. అలా చెయ్యమన్నది నేను.

పరుగున వెతుక్కుంటూ పోతే భాగ్యమ్మ చెలక దారిలో దొరికాడు, భుజాన గొట్టం, చేతిలో డబ్బా. భాగ్యమ్మ మొగుడు పోయిన మనిషి. జత ఎడ్లలో ఒకటి నాలుగు రోజుల కింద పోయింది. రెండోది మదీనాగూడలో తమ్ముడి దగ్గర ఉండబట్టి బతికింది, నిన్ననే తిరిగొచ్చింది. ఇంటి దగ్గర కట్టడానికి భయపడి దాన్ని చెలకలో రాతిగుండు నీడన కట్టేసింది. మృగశిర కార్తె వారం రోజుల్లో ఉంది. ఆ ఒక్కటి మిగిలితే తమ్ముడి ఎద్దుతో జతకట్టి దున్నుకుంటుంది. అదీ పోతే చెలక బీడే, ఇద్దరు పిల్లలకు తిండి లేదు.

"ఆగు ఐలయ్యా. మందు పొయ్యకు."

"ఏంది సారూ, పొద్దుగాల్నే కబురంపింది. ఎదురుసూస్తది."

చెప్పాను. అలిసిపోతే నాకు కోపమే వస్తుంది, ఆ కోపంతోనే చెప్పాను. గొట్టం కొసన రోగముంటుందని, అది కంటికి కనపడదని, ఇంటింటికీ నువ్వే మోసుకుపోయావని. "నువ్వే" అన్నాను. నా సంగతి ఎత్తలేదు.

ఐలయ్య గొట్టం దించి కొసను చూశాడు, వాసన చూశాడు.

"కడిగిన గద సారూ."

"ఉత్త నీళ్లకు పోదు."

"మా ఆవుకు సుత పోసిన. మొన్న."

డబ్బా మూత బిగించి, "గీ ముచ్చట అందరికీ చెప్పాలె," అన్నాడు.

"వద్దు. సూది పట్టుకుని నేనొక్కణ్ణే పోతే గొడ్లను సంపనీకొచ్చిండంటరు. నువ్వు పక్కనుంటేనే ముట్టనిస్తరు. గొట్టం నాకిచ్చి సప్పుడు చెయ్యకుండు."

"నేను చెప్పకుంటే రేపు ఇంకొకడు గిట్లనే పోస్తడు సారూ. నాకే తెల్వకపాయె, వాళ్లకెట్ల తెలుస్తది?"

గొట్టం నాకివ్వకుండానే ముందు నడిచాడు.

చెలకలోకి పోగానే, నేను నోరు తెరవకముందే అనేశాడు. "నీ ఎద్దును నేనే సంపిన భాగ్యమ్మా. గీ గొట్టంతోనే."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అతను మళ్లీ మొదటి నుంచి విడమరిచి చెప్పాడు, పెంటయ్య కొట్టం నుంచి ఆమె ఇంటిదాకా. నా పేరు ఎక్కడా తేలేదు. అది నేను భరించలేకపోయాను.

"పొయ్యమన్నది నేనక్కా. అన్నిట్లకూ పొయ్యమన్న. తప్పు నాది."

చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. ఏమీ దిగలేదు, ఇంకా నీరసమొచ్చింది. భాగ్యమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సూది ఏస్తే ఇది బతుకుతదా?"

"రోగం ఇప్పటిదాక అంటకుండ ఉంటే బతుకుతది."

"అయితే ఎయ్యి. ఐలన్న మాత్రం దగ్గరికి రావద్దు."

అతని చేతులకు, పంచెకు కూడా రోగం అంటి ఉండొచ్చు. ఆ మాట నేను చెప్పాల్సింది. అయినా ఆమె నోట వినలేకపోయాను. ఆ ఊళ్లో అతని చెయ్యి పడని గొడ్డు లేదు. ఐలయ్య ముళ్లకంప అవతలికి పోయి నిలబడ్డాడు.

సబ్బుతో చేతులు కడుక్కుని, ఉడకబెట్టిన సూది తీశాను. భాగ్యమ్మ పగ్గం పట్టింది. కొత్తమనిషిని చూసి ఎద్దు బెదిరింది, ఆమెను రెండుసార్లు ఈడ్చేసింది. మూడోసారి నా మీదికి కొమ్ములు విసిరింది. సూది విరిగితే నా దగ్గర మరొకటి లేదు.

"వో... వో బిడ్డా... వో..."

కంప అవతల నుంచి ఐలయ్య. ఎద్దు చెవులు అటు తిప్పింది. బుసకొట్టడం మానింది. నిలబడింది.

సూది వేశాను. తీసేశాను కూడా. ఆ గొంతు ఆగలేదు. భాగ్యమ్మ అటు చూడలేదు. ఆపమనీ అనలేదు.