ఊళ్ళు తిరిగిన జెర్సీ

"ఇవాళ సూది పట్టనని చెప్పానుగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" అంది స్తెఫా, గోధుమల గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"పదిసార్లు కాదన్నావు. పదకొండోసారి ఒప్పుకుంటావేమోనని," అన్నాడు ఒరెస్ట్.

పొద్దుట్నించీ ఇదే వరస. విన్నిపెగ్‌లో మిగతా ఊరంతా క్రిస్మస్ చేసుకుని పన్నెండు రోజులై, చెట్లు కూడా తీసి వీధిలో పారేసింది. పాత పంచాంగం పట్టుకున్న వీళ్ళ ఇంట్లో మాత్రం పండగ ముందురోజు ఈ రోజే. పొద్దుగూకి మొదటి నక్షత్రం కనబడేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. అప్పటికి పన్నెండు రకాలు వండాలి. వంటింటి బల్ల మీద పిండి, పొయ్యి మీద బీట్‌రూట్ చారు, మధ్యలో ఈ మొగుడు.

"రేపు మధ్యాహ్నం హాకీ ఆట ఉంది స్తెఫా. కొత్త గోల్ కీపర్ రాత్రి విమానానికి దిగుతున్నాడు. వీపు మీద పేరు లేకుండా మంచు మీదకి ఎలా పంపను?"

"ఉట్టి వీపుతోనే పంపు. పోయే జట్టుకి పేరెందుకు?"

కిటికీ పక్కన కూర్చుని గసగసాలు నూరుతున్న మామగారు వసిల్ నవ్వాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. "అమ్మాయి చెప్పింది నిజమేరా. ఈ రోజు సూది గుచ్చితే, ఇంటికొచ్చే ఆత్మల కళ్ళల్లో గుచ్చుకుంటుంది. మా అమ్మ ఈ పూట గుండీ ఊడితే పిన్నీసుతో సరిపెట్టేది."

"పిన్నీసు గుచ్చుకోదా తాతా?" అంది కూతురు లారిసా, పిండి వత్తుతూ. ఆసుపత్రిలో నర్సు. పండగ కోసం సెలవు పెట్టి వచ్చింది.

"పిన్నీసు దోషం ప్రభుత్వానిది. వత్తు, వత్తు."

ఒరెస్ట్ చేతిలో ఉన్న పెద్ద గుడ్డసంచిని విసుగ్గా పక్కనున్న కుర్చీలో పడేశాడు. పడేశాక గానీ అది ఏ కుర్చీయో చూసుకోలేదు.

అందరూ ఒక్కసారి పని ఆపేశారు.

అది మార్కియాన్ కుర్చీ. పండగ రాత్రి ఇంట్లో పోయినవాళ్ళకి ఒక పళ్ళెం, ఒక చెంచా పెట్టి, ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. పోయినవాళ్ళు ముందే వచ్చి కూర్చుని ఉంటారని, ఆత్మలు నలగకుండా తక్కినవాళ్ళు తమ కుర్చీల మీద ఉఫ్‌మని ఊది మరీ కూర్చుంటారు. ఎనిమిదేళ్ళుగా ఆ ఖాళీ కుర్చీ స్తెఫా కొడుకుదే.

"వాడికని ఉంచిందది," అంది స్తెఫా. అంతకన్నా గట్టిగా అరిచినా బాగుండేది. చేతులు తుడుచుకుని, సంచి ఎత్తుకుని, మెట్లు దిగి కింద గదిలోకి వెళ్ళిపోయింది.

కింది గదిలో బట్టలుతికే యంత్రం, దాని పక్కన ఆమె కుట్టుమిషను. జట్టు ఈ లీగులో చేరినప్పట్నించీ, అంటే పదిహేడేళ్ళుగా, ఆటగాళ్ళ జెర్సీల మీద పేర్లు కుట్టేది ఆమే. ఒరెస్ట్ జట్టు సామాన్లు చూసే ఇద్దరిలో ఒకడు. స్కేట్లు సాన పట్టడం, చెమట జెర్సీలు ఉతికించడం, పర్యటనలకి పెట్టెలు సర్దడం అతని పని. ఆటగాళ్ళు వస్తారు, అమ్ముడుపోతారు, ఇంకొకళ్ళు వస్తారు. పాత పేరు విప్పడం, కొత్త పేరు కుట్టడం. అందరి పేర్లూ స్తెఫానే విప్పింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ విప్పింది తను కాదు.

ఇప్పుడు విప్పుతున్నది జట్టునే. ఏప్రిల్‌లో ఆటలు అయిపోగానే మొత్తం జట్టు అరిజోనాకి, ఫీనిక్స్‌కి వెళ్ళిపోతోంది. కొత్త యజమానులు ఒరెస్ట్‌ని కూడా రమ్మన్నారు. రేపటి ఆట అయ్యేలోగా అవునో కాదో చెప్పాలి. స్తెఫా ఎప్పుడో చెప్పేసింది. నేను రాను. వాణ్ణి ఇక్కడ వదిలి ఎడారిలో ఎలా కూర్చోమంటావు? పండగ రాత్రి వాడొచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారు?

సంచిలోంచి జెర్సీ తీసింది. తెల్లది, గోల్ కీపర్లకి కుట్టే వెడల్పు కొలత, ముప్ఫై అయిదో నంబరు. పాతది. పోయే జట్టుకి కొత్త జెర్సీలు ఎవరు చేయిస్తారు? పెట్టెల అడుగున ఏవి మిగిలితే అవే బయటికి తీస్తున్నారని ఒరెస్ట్ మొన్న చెప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన తగిలింది. సబ్బు వాసన కాదు, చెమట వాసనా కాదు. పొద్దున్నే ఎవరూ అడుగు పెట్టని మంచు వాసన.

వీపు భాగం దీపం కింద పరిచింది. ఏ పేరూ లేదు గానీ, పేరు ఉండిన చోట సూది రంధ్రాలు ఉన్నాయి. వేలితో తడిమింది. గుడ్డివాళ్ళు చదివినట్టు, ఒక్కొక్క అక్షరం వేలి కింద లేచింది. ఏడు ఇంగ్లీషు అక్షరాలు. సావ్‌చిన్. తమ ఇంటిపేరు.

మెడ పట్టీ తిప్పి చూసింది. లోపల, వేలిగోరంత, ఎర్రదారంతో సిలువ కుట్టు. ఇంట్లో పిల్లల చొక్కాలకి తప్ప ఆమె ఎవరికీ వెయ్యని కుట్టు అది. వాళ్ళమ్మ ఆమెకి వేసేది.

మెట్ల మీద ఒరెస్ట్ అడుగులు వినబడ్డాయి.

"ఎక్కడిదిది?" అంది వెనక్కి తిరక్కుండా.

అతను ఆఖరి మెట్టు మీదే ఆగిపోయాడు.

"శవపేటికలో పెడతాను, తెచ్చి ఇవ్వమని అడిగాను నిన్ను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. జట్టు సొత్తు, ఇంకొకడికి ఇచ్చేశారన్నావు. పేరు కూడా నువ్వే విప్పానన్నావు."

"పేరు విప్పింది నిజమే. ఉంచితే ఎవరి కళ్ళనైనా పడుతుంది."

"ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు." ఒరెస్ట్ మెట్టు మీద కూర్చున్నాడు. "మట్టిలో పెడతావని భయం వేసింది స్తెఫా. ఒక్క ఆటైనా ఆడకుండా మట్టిలోకి పోతుందని."

మార్కియాన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. మొదటి గోల్ కీపర్ మోకాలు దెబ్బతింటే, శనివారం ఆటకి మారు కీపర్‌గా బల్ల మీద కూర్చోమని వాణ్ణి పిలిచారు. రెండు రోజులు ఈ జెర్సీ వేసుకుని సాధన చేశాడు. గురువారం సామాన్లు తెచ్చుకోడానికి, అంతకుముందు ఆడిన బ్రాండన్ ఊరికి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే వాన పడి, పడ్డది పడ్డట్టు రోడ్డు మీద గడ్డకట్టింది, కారు జారింది. శనివారం ఆ బల్ల మీద ఎవరు కూర్చున్నారో స్తెఫా ఎప్పుడూ అడగలేదు.

"సామాన్ల పెట్టె అడుగున, తువ్వాళ్ళ కింద పెట్టాను," అన్నాడు ఒరెస్ట్. "ఏ ఊరెళ్ళినా తీసుకెళ్ళాను. ఆటగాళ్ళు రాకముందు నేనొక్కణ్ణే ఉంటాను కదా గదిలో. ఖాళీగా ఉన్న చోట తగిలించేవాణ్ణి. పావుగంట. తర్వాత తీసి దాచేవాణ్ణి. బోస్టన్, మాంట్రియల్, లాస్ ఏంజెలిస్. ఇప్పుడు జట్లు లేని ఊళ్ళు కూడా. మినసోటా చూశాడు, క్విబెక్ చూశాడు. క్విబెక్‌లో ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆ గదిలో హీటరు పనిచెయ్యలేదు. వాడికి చలేస్తుందేమో అని మడిచి..." ఆగిపోయాడు. "కొత్తవాళ్ళ మనిషి మొన్న పెట్టెలన్నీ తెరిచి లెక్కపెట్టాడు. ఇది దొరికింది. కొత్త కీపర్ కొలతకి ఇదొక్కటే ఉంది. వేరే దర్జీకి ఇవ్వమన్నారు. చేతులు రాలేదు."

యంత్రం పక్కన గొట్టంలో నీళ్ళు కదిలిన చప్పుడు. స్తెఫాకి కోపం రావాలి. వస్తుందని చూసింది. దాని బదులు ఎక్కడో లోపల ఒక లెక్క తేలినట్టయింది.

పండగ రాత్రి ఖాళీ పళ్ళెంలో తేనె గోధుమలు పెట్టి, పక్కన చెంచా వెల్లకిలా ఉంచుతారు. పోయినవాళ్ళు వచ్చి తింటే చెంచా బోర్లించి పోతారని వసిల్ చెప్పేవాడు. ఎనిమిదేళ్ళు పొద్దున్నే లేచి ముందు ఆ చెంచానే చూసింది. ఎప్పుడూ కదల్లేదు. కొత్త ఆత్మ, దారి తెలీడానికి టైం పడుతుందిలే అనేవాడు మామగారు.

"అందుకే రాలేదు వాడు," అంది మెల్లిగా. "నేనిక్కడ పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. వాడు నీతో ఊళ్ళు తిరుగుతున్నాడు."

ఒరెస్ట్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

ఆమె జెర్సీ పట్టుకుని పైకి వచ్చింది. వసిల్ ఇంకా నూరుతూనే ఉన్నాడు, లారిసాకి పాత కథలు చెబుతూ.

"... అట్లాంటా జట్టు కేల్గరీకి వచ్చింది. మినసోటా వాళ్ళది టెక్సస్ పోయింది. నిరుడు క్విబెక్ వాళ్ళది కొండల్లోకి పోయింది. మనది మాత్రం ఎక్కడిది? మూతపడ్డ ఇంకో లీగులోంచి వచ్చి చేరిందే. వలసొచ్చినవాళ్ళ ఊళ్ళో వలస జట్టు. ఏడవడం దేనికి?"

"నిరుడు ఎండాకాలం జట్టుని ఆపమని వీధుల్లో అరిచినవాళ్ళలో గొంతు పోగొట్టుకుంది ఎవరు తాతా?"

"అది జలుబు."

"మామయ్యా," అంది స్తెఫా. జెర్సీ అతని ఒళ్ళో పెట్టి మెడ పట్టీ తిప్పి చూపించింది. ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని ఎర్ర సిలువ చూశాడు, తర్వాత కోడలి ముఖం చూశాడు. గసగసాలంటిన వేళ్ళు గుడ్డకి తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇవాళ సూది పట్టకూడదన్నారు. వాడి చొక్కాయే అయితే?"

ఆయన కిటికీలోంచి వీధి చూశాడు. పక్కింటివాళ్ళు పారేసిన క్రిస్మస్ చెట్టు మంచులో సగం కూరుకుపోయి ఉంది.

"వాడి చొక్కాయే అయితే," అన్నాడు, "కాసేపు కళ్ళు మూసుకోమను."

లారిసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య పోయినప్పుడు దానికి పద్నాలుగేళ్ళు.

"ఒక్కటి అడుగుతాను మామయ్యా. మీ అమ్మ ఓడెక్కి ఇక్కడికొచ్చినప్పుడు, పాత దేశంలో పాతిపెట్టిన పిల్లవాడికి కూడా పళ్ళెం పెట్టేదన్నారు. అంత దూరం వాడెలా వచ్చాడు?"

"నేనూ అదే అడిగాను. చెంపమీద ఒకటి ఇచ్చింది. 'వాడు మట్టికి పుట్టాడా, నాకు పుట్టాడా' అంది."

స్తెఫా కిందికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కొత్త కీపర్ ఫిన్లండ్ మనిషి, పేరు సాల్మినెన్. ఎనిమిది అక్షరాలు. ఒక అక్షరం ఎక్కువ కాబట్టి కొత్త అక్షరాలు పాతవాటి మీద సరిగ్గా కూర్చోలేదు. వాటి సందుల్లోంచి పాత రంధ్రాలు కనిపిస్తూనే ఉన్నాయి. మామూలుగా అయితే ఆవిరి పట్టి వాటిని మూసేస్తుంది. ఇవాళ మూయలేదు. మిషను నడుస్తున్నంతసేపూ వెనక ఎవరో నిలబడి పని చూస్తున్నట్టుంది. ఒరెస్ట్ అనుకుంది. చివరి దారం కొరికి తిరిగి చూస్తే మెట్లు ఖాళీ. పైన వంటింట్లో ఒరెస్ట్ లారిసాతో గిన్నెల గురించి వాదిస్తున్నాడు.

రేపు వేలమంది ముందు మంచు మీదకి వెళుతుంది ఈ చొక్కా. ఎవరి వీపు మీద వెళ్ళినా వెళుతుంది. జట్టు ఊరు విడిచేలోగా.

అయిదు కాకుండానే చీకటి పడింది. వసిల్ కిటికీ అద్దం మీద పేరుకున్న మంచుని గోరుతో గీకి, అదుగో అన్నాడు. నక్షత్రమో, విమానం దీపమో ఎవరూ వాదించలేదు. బల్ల మీద గడ్డి పరకలు పరిచి, పైన తెల్లదుప్పటి కప్పారు. స్తెఫా జెర్సీని ఖాళీ కుర్చీ వీపుకి తగిలించింది, పేరున్న వైపు గోడకి, ఎర్ర సిలువ బల్లవైపుకి వచ్చేలా. పళ్ళెంలో తేనె గోధుమలు పెట్టి, చెంచా వెల్లకిలా ఉంచింది. ఒక్కొక్కళ్ళూ తమ కుర్చీ మీద ఊదుకుని కూర్చున్నారు. ఎనిమిదేళ్ళుగా ఏదో ఒక పని చెప్పి ఆ కుర్చీకి దూరంగా కూర్చునే ఒరెస్ట్, ఇవాళ దాని పక్కనే కూర్చున్నాడు.

వసిల్ లేచి ప్రార్థన చెప్పాడు. అందరూ తలలు వంచారు. స్తెఫాకి చెవుల్లో స్కేటు మంచుని కోసిన చప్పుడులాంటిది వినిపించింది, చాలా దూరం నించి, ఒక్కసారి. ముసలాయన పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి, మార్కియాన్ పేరుతో ముగించాడు.

తల ఎత్తి చూసింది. ఖాళీ కుర్చీ ముందున్న పళ్ళెం పక్కన చెంచా బోర్లా ఉంది.

ఒరెస్ట్ చేతులు అతని ఒళ్ళో, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. లారిసా బల్లకి ఆ చివర ఉంది. మామగారి కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. ఎవరి చెయ్యి తగిలింది అని అడగొచ్చు. అడగలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"చారు చల్లారిపోతోందమ్మా," అంది లారిసా.

"పోస్తున్నాను." గరిటె అందుకుంది. ముందు మామగారికి, తర్వాత ఒరెస్ట్‌కి, కూతురికి పోసింది. అందరి గిన్నెలూ నిండాక, రొట్టె తుంచుతూ, మామూలు గొంతుతోనే చెప్పింది.

"రేపు వాళ్ళకి వస్తానని చెప్పెయ్ ఒరెస్ట్. ఏప్రిల్‌లో ఆటలయ్యాక నీతో నేనూ వస్తాను. మామయ్యగారు ఎండకి ఒప్పుకుంటే ఆయనా వస్తారు. ఇల్లు లారిసా ఉంచుకుంటుంది. ఆఖరి ఆట అవగానే ఈ జెర్సీ అడిగి తీసుకో, ఇవ్వనంటే దొంగిలించు, అది నీకు అలవాటేగా. ఈసారి మాత్రం పెట్టె అడుగున కాదు. ఈ పళ్ళెం, ఈ చెంచాతోపాటు నా చేతిసంచిలో వస్తుంది."