తెల్లరంగు ఆగని గోడ

పెయింటరు రోజూ సాయంత్రం నాలుగింటికి ఇంటికొస్తాడు. చెప్పులు విడిచి, గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న లప్పం కడుక్కుని, హాల్లో కుర్చీ లాక్కుని, ఇక ఇద్దరు కూతుళ్ళ మీద అరవడం మొదలుపెడతాడు. బూట్లు దారికి అడ్డంగా ఉన్నాయని ఒక విడత, నోట్సు నిండా కొట్టివేతలున్నాయని ఇంకో విడత, ఫ్యాను ఆపలేదని మరో విడత. పరాయివాళ్ళ గోడ దగ్గర ఆ మనిషి ఓపిక చూడాలి. గీత కనబడితే మళ్ళీ లప్పం, మళ్ళీ ఉప్పుకాగితం. ఆ ఓపికంతా అక్కడే ఖర్చుపెట్టి, మిగిలిన గరుకంతా ఇంటికి మోసుకొస్తాడు. భార్య బట్టల షాపులో పనిచేస్తుంది, ఏడైతేగానీ రాదు. నాలుగు నుంచి ఏడు దాకా ఆ ఇల్లు అతని రాజ్యం.

గొంతు ఒక హద్దు దాటిందంటే, అరిచిన మనిషి పక్కకి జరిగినా నీడ జరగదు. గోడకి అలాగే అతుక్కుపోతుంది. ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి. పని ఒప్పుకునే ముందు పెయింటరు "ఎన్ని గదులు, ఎన్ని నీడలు?" అనే అడుగుతాడు. ఎందుకంటే నీడ మీద తెల్లరంగు ఆగదు. ఎన్ని కోట్లు వేసినా తెల్లారేసరికి పైకి తేలుతుంది. ఇంటివాళ్ళు కాస్త సిగ్గుపడి, బీరువా అడ్డం జరిపించుకుంటారు.

పెయింటరు ఇంట్లో తొమ్మిది ఉండేవి. అన్నీ ఒకటే వాటం: ఎడమచెయ్యి నడుం మీద, కుడిచెయ్యి పైకి, గడ్డం ముందుకి. ఉన్నది ఒక్క బీరువా, దేనికని అడ్డం పెడతారు? తొమ్మిదోది హాల్లో పిల్లల మంచం పక్కన పడిన రోజు భార్య గొంతు పెంచకుండా చెప్పింది.

"ఈ గోడ మీద ఇంకొక్కటి కనబడిందంటే, పిల్లల్ని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

అలాంటి మాట వింటే ఇంకొకడు నోరు అదుపులో పెట్టుకునేవాడు. మనవాడు పెయింటరు కదా, పెయింటు డబ్బా తెచ్చాడు. ఆమె పనికి వెళ్ళిన ఆదివారం ఇల్లంతా నీడ రంగులోనే, నల్లగా, రెండు కోట్లు లాగించేశాడు. సాయంత్రం ఆమె గుమ్మంలోనే నిలబడిపోతే, "ఇప్పుడు ఇదే ఫ్యాషన్" అన్నాడు. బాల్కనీ గోడ మాత్రం వదిలేశాడు. అక్కడ ఎప్పుడూ అరవడు, వీధిలోకి వినబడుతుందని. అదీ అతని పౌరుషం.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి, అంటే అతనికి. నల్లగోడ మీద ఎన్ని పడ్డాయో ఎవరికీ కనబడదు. పిల్లలు అమ్మకి చెప్పరు. చెబితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఒకరోజు సాయంత్రం పెయింటరుకి బాల్కనీలోంచి కేక వినిపించింది. "కళ్ళు నెత్తికెక్కాయా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నీ బుర్రలో మట్టి ఉందా?" మాటలు తనవే. గొంతు మాత్రం పన్నెండేళ్ళ పెద్దదానిది. నాలుగేళ్ళ బుడ్డది అక్క పుస్తకం మీద నీళ్ళు ఒలకబోసిందట. బుడ్డది ఏడవలేదు. చెవులు రెండూ మూసుకుని గోడవారన కూర్చుంది. అలా కూర్చుంటే తొందరగా అయిపోతుందని దానికి అనుభవం.

కాసేపటికి పెద్దది హాల్లోకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"నాన్నా, ఆ నల్లరంగు ఇంకా ఉందా?"

"దేనికే?"

"కొంచెం చాలు. అమ్మ వచ్చేలోపు."

అతను బాల్కనీలోకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో, ఇన్ని ఇళ్ళలో, చిన్నపిల్లల నీడ గోడకి ఆగగా అతను చూడలేదు. ఇది అతని రొమ్ముదాకా కూడా లేదు. ఎడమచెయ్యి నడుం మీద, కుడిచెయ్యి పైకి, గడ్డం ముందుకి. జడ ఒక్కటే తేడా. పెయింటరుకి మొదట కోపమే వచ్చింది, ఎప్పుడూ ముందు వచ్చేది అదే కాబట్టి. ఈసారి ఆ కోపం పెట్టుకోవడానికి ఎదురుగా మనిషి దొరకలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నల్లది లేదు," అన్నాడు. నిజానికి అరడబ్బా ఉంది. "తెల్లది ఉంది."

"తెల్లది ఆగదుగా!"

"ఆగదు."

రోలరు తీసుకుని హాలు గోడ మీద తెల్లరంగు మొదలుపెట్టాడు. ఏడింటికి వచ్చిన భార్య అడిగితే, "ఫ్యాషన్ పోయింది" అన్నాడు. ఆమె నవ్వలేదు.

తెల్లారింది. నీడలన్నీ తేలాయి. తొమ్మిది కాదు, ముప్ఫై ఒకటి. ఒకదాని మోచెయ్యి ఇంకోదాని మొహంలోకి వెళ్ళి, హాలంతా చెయ్యెత్తిన మగాళ్ళ గుంపు. భార్య ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ గోడ చివరిదాకా నడిచింది. బాల్కనీలో జడ ఉన్న చిన్న నీడని చూసి ఆగిపోయింది.

"నాలుగు నెలలు నా కళ్ళకి గంతలు కట్టారన్నమాట."

"ఊఁ."

"ఇప్పుడెందుకు చూపించారు? జాలి పడతాననా?"

"పెద్దది నల్లరంగు అడిగింది. ఇవ్వలేకపోయాను."

ఆమె సంచీ తీసి పిల్లల బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. "నేను రాను, నావల్లేగా" అని పెద్దది మొండికేసింది. అమ్మ చెయ్యి పట్టి లాగింది. ఆ గుంజులాటలో దారి ఇవ్వబోయి, బుడ్డది వెనక్కి జరిగి తెల్లరంగు డబ్బాని తన్నేసింది. రంగు నేలంతా పరుచుకుని అక్క స్కూలు సంచీని ముంచెత్తింది.

పెయింటరుకి అరుపు గొంతుదాకా వచ్చింది. గభాలున నేలమీద కూర్చుండిపోయాడు. గుడ్డముక్క తీసుకుని, తల ఎత్తకుండా రంగు తుడవసాగాడు.

చెయ్యి లేచింది పెద్దదానిది. ఎడమచెయ్యి నడుం మీదికి పోయింది, గడ్డం ముందుకొచ్చింది. బుడ్డది అలవాటుగా చెవులు మూసుకుంది. పొద్దుటి ఎండలో పెద్దదాని నీడ ముప్ఫై ఒకటి మధ్యన సూటిగా పడింది, ముప్ఫై రెండోది. పెద్దది దాన్ని చూసింది. చూస్తూనే ఉంది. చెయ్యి మెల్లగా దిగింది. గోడ మీది చెయ్యి కూడా దిగింది.

"లే," అంది చెల్లెలితో, పళ్ళు బిగించుకునే. "కాళ్ళు కడుగుతా, పద."

భార్య బట్టల సంచీ మూతి బిగించి గుమ్మం దగ్గర పెట్టింది. విప్పలేదు, భుజానికీ ఎత్తుకోలేదు. "ఇది ఇక్కడే ఉంటుంది," అంది పెయింటరుతో. అతను తలూపాడు.

పెద్దది బుడ్డదాన్ని చంకనేసుకుని, తెల్లటి అడుగులు వేసుకుంటూ పంపు దగ్గరికి నడిచింది. నీడ ఆమె వెంటే గది దాటి వెళ్ళిపోయింది.